ఇప్పపూల కాలంలో దుర్భిణి

"గురువుగారూ, వేటకు మంచి దుర్భిణి ఏదో ఎలా తెలుస్తుంది?" అని నరసరాజు అడిగినప్పుడు సోమిరెడ్డి చుట్ట ముట్టించుకుంటున్నాడు. ప్రశ్న విని, చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయేదాకా దానివంకే చూసి, తీరిగ్గా మరో పుల్ల గీశాడు. అది ఆయన అలవాటు. అడిగిన వెంటనే జవాబు చెప్పేస్తే అడిగినవాడు అక్కడితో ఆలోచించడం మానేస్తాడని ఆయన భయం. ఆయన దగ్గర వేట నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో సగంమంది ఈ నాన్చుడు భరించలేకే పారిపోయారు. మిగిలిన సగం మంచి వేటగాళ్ళయ్యారు.

సోమిరెడ్డి కొండరెడ్ల మనిషి. అరవై దాటి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. నరసరాజు పేరిచర్లవారి బిడ్డ, ముప్పై అయిదేళ్ళవాడు, తాళ్ళగొమ్ము ఎస్టేటులో వేట వ్యవహారాలు చూసే ఉద్యోగి. ఊళ్ళో ఎదురైతే సోమిరెడ్డి తలగుడ్డ తీసి, "దండాలు రాజుబాబూ," అంటూ పక్కకు తప్పుకోవలసిందే. కాని వాగు దాటి అడవిలో కాలు పెట్టగానే వరస తిరగబడుతుంది. అక్కడ ఆయన గురువు, ఇతను శిష్యుడు. ఆయన "నువ్వు" అంటాడు, ఇతను "మీరు" అంటాడు. ఈ ఏర్పాటు పాత జమీందారుగారు చేసిందే. అడవిలో కూడా దండాలు పెట్టించుకునేవాడికి ఎలుగుబంటి కూడా దండం పెడుతుందా అని ఆయన అడిగారట. ఆ ఒక్క విషయంలో ఆయన తెలివిగానే మాట్లాడారు. మిగతా విషయాల్లో ఆయన తెలివి సంగతి మనకిప్పుడు అనవసరం.

దుర్భిణి గొడవ వచ్చింది ఎలుగుబంటి వల్ల. పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, చైత్రమాసంలో, కొండల్లో ఇప్పపూలు విరగబూశాయి. ఆ పూలు తెల్లవారుజామున రాలతాయి. గూడెం ఆడవాళ్ళు చీకటి విడవకముందే బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరతారు. ఎలుగుకూ ఆ పూలంటే ప్రాణం కనుక అదీ ఆ వేళకే వస్తుంది. తరతరాలుగా మనుషులూ ఎలుగులూ ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ ఏదోలా నెట్టుకొచ్చారు. ఈ ముసలి ఎలుగు మాత్రం దారి ఇవ్వడం మానేసింది. పదిహేను రోజుల్లో ఇద్దరు ఆడవాళ్ళ ముఖాలు చీల్చింది. పోనీ ఈ ఏటికి పువ్వు మానేద్దామా అంటే వానాకాలం గూడెంలో పొయ్యి వెలగదు. దాన్ని కొట్టమని దివాణం నరసరాజుకు హుకుం పంపింది.

నరసరాజుకు ఎలుగంటే భయం లేదు. అంతకుముందే మూడింటిని కొట్టినవాడు. అతని భయం వేరు. అతని చిన్నతనంలో పెదనాన్న ఒక సాయంత్రం చెరుకుతోటలో అడవిపంది అనుకుని తుపాకి పేల్చాడు. పడింది పంది కాదు, తోటకు నీళ్ళు కట్టడానికి వచ్చిన పాలేరు. కేసు ఎలాగో సర్దుబాటయింది. పెదనాన్న మాత్రం ఆ తర్వాత బతికిన పదకొండేళ్ళూ వీధి గుమ్మం దాటలేదు. అన్నం పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. మసక వెలుతురులో ఇప్పచెట్టు కింద నల్లగా వంగి ఉన్నది ఆడమనిషో ఎలుగో తేల్చుకోలేక, తానూ ఒక ప్రాణం తీసి అలాగే కూర్చుండిపోతానేమోనని నరసరాజుకు నిద్ర పట్టడం మానేసింది. మంచి దుర్భిణి ఒకటి ఉంటే ఆ భయం తీరిపోతుందని అతని ఆశ.

రాజమండ్రిలో ఒక వ్యాపారి, సైన్యంవాళ్ళు వదిలించుకున్న సామాను తెచ్చి అమ్ముతున్నాడు. కబురు పెడితే రెండు దుర్భిణులు పంపి, నచ్చినదాన్ని ఉంచుకుని రెండోదాన్ని తిప్పి పంపమన్నాడు. ఒకటి సన్నగా, పొడుగ్గా ఉంది. దూరంగా ఉన్నదాన్ని పన్నెండింతలు దగ్గరికి తెస్తుంది. రెండోది పొట్టిగా, లావుగా ఉంది. అది తెచ్చేది ఏడింతలే, కాని దాని ముందు అద్దాలు కమలాపండంత వెడల్పు. నరసరాజు మిట్టమధ్యాహ్నం దివాణం మేడ ఎక్కి రెంటినీ పరీక్ష చేశాడు. పొడుగుదానిలోంచి గోదావరి అవతలి ఒడ్డున కట్టేసిన లాంచీ పేరు అక్షరం అక్షరం చదివాడు. లాంచీ మీద ఆరేసిన లుంగీకి ఉన్న చిరుగు కూడా కనిపించింది. పొట్టిదానిలో లాంచీ కనిపించింది, అంతే. ఇక ఆలోచన దేనికని పొడుగుదాన్నే మెడలో వేసుకున్నాడు. తాను వేటకు వెళ్ళేది మిట్టమధ్యాహ్నం కాదని, ఎలుగుబంటి వీపు మీద పేరు రాసి ఉండదని అతనికి తోచలేదు. అయినా మనసులో ఏదో మూల అనుమానం పీకుతూ ఉండబట్టే గురువుగారిని అడిగాడు.

రెండో పుల్లతో చుట్ట అంటుకుంది. సోమిరెడ్డి రెండు దమ్ములు లాగి, "రెండూ పట్టుకురా. రేపు తెల్లారగట్ల కూర్చుందాం," అన్నాడు.

వాళ్ళు కూర్చున్నది వాగు పక్కన ఒక బండ మీద. ఎదురుగా, వాగుకు అవతలి గట్టున, అయిదారు ఇప్పచెట్లున్నాయి. రాలిన పూలు తేలిగ్గా ఏరుకోవడానికని గూడెంవాళ్ళు వాటి కింద ఆకులు కాల్చి నేల శుభ్రం చేసుకున్నారు. అందుకని అక్కడ నేలంతా నల్లగా ఉంది. తుపాకి నరసరాజు చేతిలో ఉంది కాని తూటాలు మాత్రం సోమిరెడ్డి పంచె చెంగున ముడేసి ఉన్నాయి. ఆయన దగ్గర నేర్చుకునేవాడు ఎంతటివాడైనా నియమం ఒకటే. కంటికి కనిపించినదాని పేరు పైకి చెప్పి శిష్యుడు చెయ్యి చాపాలి. అప్పుడు గాని గురువు ముడి విప్పడు.

తూరుపు కాస్త తెల్లబడుతుండగా చెట్టు కింద ఒక నల్లటి ఆకారం కదిలింది. నరసరాజు పొడుగు దుర్భిణి ఎత్తి కళ్ళకు ఆనించాడు. దానిలో అంతా మసకగా ఉంది. పైగా పన్నెండింతల దుర్భిణి దూరంతోపాటు చేతి వణుకును కూడా పన్నెండింతలు చేసి చూపిస్తుంది. అతను ఊపిరి బిగబట్టి, మోచేతులు మోకాళ్ళకు ఆనించి చూశాడు. ఆకారం నాలుగు కాళ్ళ మీద పాకుతోంది. ఒళ్ళంతా నల్లటి బొచ్చు. తల దించి నేలను వాసన చూస్తోంది.

"ఏం కనపడతంది?" అని అడిగాడు సోమిరెడ్డి.

"ఎలుగు."

"కచ్చితంగానేనా?"

"చెవులు కూడా కనిపిస్తున్నాయి గురువుగారూ. తూటా ఇవ్వండి, తొందరగా!" అంటూ నరసరాజు చెయ్యి చాపాడు.

సోమిరెడ్డి ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఆ ముడి ఎంతకీ రాదే! గోటితో గిల్లాడు, పంటితో లాగాడు, "పాడు ముడి, మంచుకు తడిసి బిగుసుకుపోయింది," అని గొణిగాడు. నరసరాజుకు ఒళ్ళు మండిపోయింది. చేతికి చిక్కిన ఎలుగు జారిపోతోందని కూర్చున్నచోటే గింజుకున్నాడు గాని, ఆయన్ని కసిరే ధైర్యం చాలలేదు. ముడి వదులయ్యేసరికి వెలుతురు వచ్చింది. అవతలి గట్టు మీద ఎలుగు నడుం పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది. "అమ్మోయ్" అని మూలిగింది. పక్కనున్న బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

అది లచ్చక్క. గూడెంలో అందరికన్నా పెద్దావిడ. మోకాళ్ళ నొప్పుల వల్ల వంగి ఏరుకోలేదు, అందుకని పాకుతూ ఏరుకుంటుంది. బొచ్చు అనుకున్నది చలికి కప్పుకున్న గొంగళి. చెవులు అనుకున్నవి తలగుడ్డ ముడి కొసలు. నరసరాజు తుపాకిని బండ మీద పెట్టేసి రెండు చేతులూ తొడల కింద దాచుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని దాచుకోవాలని కూడా అతనికి అనిపించలేదు.

లచ్చక్క వాగు దాటి ఇటే వచ్చింది. బండ మీద ఉన్న ఇద్దరినీ చూసి ఆగి, బుట్టలోంచి గుప్పెడు పూలు తీసి నరసరాజు ఒళ్ళో పోసింది. "ఏం రాజుబాబూ, ఎలుగు రాలేదా? నేనొచ్చానని బయపడిందేమో," అని బోసినోటితో నవ్వింది. నరసరాజు తల ఎత్తలేకపోయాడు. ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఆ పూలు అతని ఒళ్ళోనే ఉన్నాయి, ఒక్కటీ నోట పెట్టలేదు. సోమిరెడ్డి చెంగు ముడి మళ్ళీ బిగించి, "పద, ఆకలేత్తంది," అన్నాడు.

దారి పొడుగునా నరసరాజు ఆ పొడుగు దుర్భిణిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అంతటితో ఊరుకోక, ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రెంటినీ పట్టుకుని వాగు గట్టుకు వెళ్ళి, ఈసారి బుద్ధిగా పరీక్ష చేశాడు. పొట్టిదానిలో ఆ మసక వేళ కూడా వెలుతురు నిండుగా ఉంది. ఉత్త కంటికి ఒకే ముద్దగా కనిపించే రాళ్ళు దానిలో విడివిడిగా కనిపించాయి. బొమ్మ వణకలేదు. చూపు పెద్దగా తిప్పనక్కర లేకుండానే గట్టు గట్టంతా కళ్ళబడింది. నరసరాజుకు ప్రాణం లేచొచ్చింది. అప్పటికప్పుడు సోమిరెడ్డి గుడిసెకు వెళ్ళి, వేటకు ఎక్కువ ఇంతలు కాదు, వెడల్పు అద్దాలు కావాలని, చేతిలో కుదురుగా నిలవాలని, మధ్యాహ్నం ఎండలో కాక వేటాడే వేళకే పరీక్షించాలని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు.

సోమిరెడ్డి జొన్నంబలి తాగుతూ అంతా శ్రద్ధగా విన్నాడు. "అన్నీ నిజమే. ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు.

"ఇంకేముంటుందండీ? మీకు తెలిస్తే చెప్పండి."

"నాకేం తెలుసు? నా రెండు కళ్ళతోనే నేను ఏగలేక చత్తన్నాను," అన్నాడాయన. "రేపు కూడా కూర్చుందాం."

ఆ రాత్రి నరసరాజు చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు. మర్నాడు బండ మీద కూర్చున్నప్పుడు అతని మెడలో పొట్టి దుర్భిణి ఉంది, ముఖంలో నిశ్చింత ఉంది. పొడుగుదాన్ని గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టాడు. తూరుపు ఇంకా తెల్లబడనే లేదు, అప్పుడే దుర్భిణిలో చెట్ల మొదళ్ళు తెలిసిపోతున్నాయి. నడిమి చెట్టు దగ్గర ఒక ఆకారం నిలబడి ఉంది. రెండు కాళ్ళ మీద నిటారుగా నిలబడి, చేతులెత్తి కొమ్మ వంచుతోంది. మెడ కింద చంద్రవంకలా తెల్లగా పూసలదండ. గూడెం ఆడవాళ్ళందరి మెడలోనూ అలాంటి తెల్లపూసల దండలే ఉంటాయి. నిన్నటి తొందరపాటు మళ్ళీ జరగకూడదని నరసరాజు ఒకటికి రెండుసార్లు నిదానంగా చూశాడు. చూసినకొద్దీ దండ మరింత బాగా కనిపించింది.

"ఏం కనపడతంది?" అని అడిగాడు సోమిరెడ్డి.

"ఆడమనిషండీ. మెడలో పూసలదండ కూడా కనిపిస్తోంది." అతని గొంతులో సంతోషం దాగలేదు. "నిన్న దీనితోనే చూసి ఉంటే అంత పాపపు మాట నా నోట వచ్చేది కాదు."

"అది దించి ఒక్కసారి ఇను."

"ఉండండి గురువుగారూ, దండ ఎన్ని పేటలో కూడా చెబుతాను."

సోమిరెడ్డి మళ్ళీ చెప్పలేదు. ఆయన చెట్ల వైపు కాకుండా, గూడెం నుంచి అవతలి గట్టు మీదికి వచ్చే కాలిదారి వైపు చూస్తూ కూర్చున్నాడు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ కదలకుండా కూర్చున్నాడు. ఇంతలో దారి మలుపులో ఇద్దరు ఆడవాళ్ళు బుట్టలతో కనిపించారు. ముందున్నామె వీపున పసిపిల్ల కట్టి ఉంది. వాళ్ళను నరసరాజు కూడా చూశాడు. వెడల్పు అద్దాల గొప్పతనమే అది. "ఇదిగో, ఆవిడకు తోడు కూడా వచ్చేస్తున్నారు," అన్నాడు. చెట్టు దగ్గరున్న ఆడమనిషి కొమ్మ వదిలేసి వాళ్ళవైపు తిరిగింది. వాళ్ళకూ దానికీ మధ్య నలభై అడుగులు కూడా లేవు.

సోమిరెడ్డి బండ మీద లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి పట్టి కేక వేశాడు. "ఆగండెహే! ఎలుగు! ఎనక్కి పోండి, ఎనక్కి!"

ఆడవాళ్ళు నిలువునా ఆగిపోయారు. బుట్టలు కింద పడేసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ముఖం తిప్పకుండా వెనక్కి వెనక్కి అడుగులు వేశారు. చెట్టు దగ్గరి ఆకారం ముందుకు వాలి నాలుగు కాళ్ళ మీద పడింది. గుర్రుమంది. వాళ్ళవైపు పది అడుగులు దూకి, ఎందుకో ఆగి, మనసు మార్చుకుని పక్కనున్న పొదల్లో దూరింది. అప్పుడు గాని నరసరాజు దుర్భిణి కళ్ళ మీంచి దించలేదు. దించాక అతనికి ఒక చప్పుడు వినిపించింది. పొదల్లోంచి బుస్సు బుస్సుమంటూ, పూలు పీల్చుకు తినే ముక్కు ఊపిరి దూరంగా జరిగిపోతోంది. తాను వచ్చి కూర్చున్నప్పటినుంచీ ఆ చప్పుడు అవతలి గట్టు నుంచి వస్తూనే ఉందని, అది తన చెవుల్లో పడుతూనే ఉందని అతనికి అప్పుడు తెలిసింది.

ఎలుగుబంటి గుండె మీద తెల్లటి చంద్రవంక ఉంటుందని నరసరాజుకు తెలియనిది కాదు. మూడు ఎలుగుల తోళ్ళు స్వయంగా దగ్గరుండి ఒలిపించినవాడు. దుర్భిణి కూడా అతనికి అబద్ధం చెప్పలేదు; ఉన్న తెల్లదనాన్ని ఉన్నంతగా, ఉన్నచోటనే చూపించింది. దానికి పూసలదండ అని పేరు పెట్టింది మాత్రం అతనే.

పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి వీపున ఉన్నదాన్ని ముందుకు తిప్పి ఎత్తుకుని, వాగు అవతలినుంచే గొంతెత్తింది. "ఏం తాతా, ముందే కేకెయ్యొద్దా? తుపాకులు పట్టుకుని మీరున్నారనే గదా మేం దైర్నంగా వచ్చాం! ఏం సూత్తన్నారు రాజుబాబుగారు, అంతంత కళ్ళద్దాలెట్టుకుని?"

నరసరాజు ఆమె తిట్టినంతసేపూ లేచి నిలబడి, చేతులు కట్టుకుని విన్నాడు. పేరిచర్లవారి వంశంలో గూడెం మనిషి ముందు అలా నిలబడినవాడు అంతకుముందు ఎవడూ లేడని తర్వాత ఊళ్ళో చెప్పుకున్నారు.

ఆ ఎలుగు ఏమైందని మీరు అడుగుతారు గనక ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత తొమ్మిదో నాడు నరసరాజే దాన్ని కొట్టాడు. ఆ సంగతిలో దుర్భిణికి పెద్ద పని పడలేదు కనుక ఈ కథలో దానికి చోటు లేదు.

ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. ఎండ బండ మీదికి వచ్చింది. నరసరాజు మెడలోంచి పొట్టి దుర్భిణి తీసి, గుడ్డలో చుట్టిన పొడుగుదాని పక్కన పెట్టాడు.

"నిన్న చెడ్డదానితో చూసి ఒక ప్రాణం తీయబోయాను. ఇవాళ మంచిదానితో చూసి మూడు ప్రాణాలు పోగొట్టబోయాను. నిన్న నాకు కాస్త భయమైనా ఉంది, ఇవాళ అది కూడా లేదు. ఇక నాకు దుర్భిణీ వద్దు, ఏదీ వద్దు గురువుగారూ. రెంటినీ తిప్పి పంపేస్తాను."

సోమిరెడ్డి చెయ్యి చాపి పొట్టిదాన్ని తీసుకున్నాడు. జన్మలో మొదటిసారి దుర్భిణి కళ్ళకు ఆనించుకుని, అవతలి గట్టు వైపు తిప్పి చూశాడు. నల్లటి నేల మీద రాలిన పూలు, పడిపోయిన బుట్టలు, చెట్టు బెరడు మీద ఎలుగు గోళ్ళ గీతలు, అన్నీ తనివితీరా చూశాడు. "అబ్బ, ఎంత బాగుందిరా!" అని మనసారా మెచ్చుకున్నాడు. చూడడం అయ్యాక దాని అద్దాలు పంచె కొసతో తుడిచి, తాడు శిష్యుడి మెడలో తానే వేశాడు.

"మంచిదే ఉంచుకో బాబూ," అన్నాడు. "మంచిదన్న మాట మాత్రం మరిచిపో."